నా పుట్టినతేదీ సర్వీసు రిజిస్టర్లో ముందే ఉంది కదా

సంపాదకులకు నమస్కారం.

2025 జూన్ 30న నేను సెకండరీ గ్రేడ్ టీచర్‌గా, అంటే ప్రాథమిక బడి టీచర్‌గా, రిటైరయ్యాను. మాది పార్వతీపురం మన్యం జిల్లా. గుమ్మలక్ష్మీపురం వైపు కొండల మధ్య ఉన్న ఒక సవర గిరిజన గూడెంలోని బడి నా ఆఖరి బడి. 2017 బదిలీల్లో అక్కడికి వెళ్లాను. ఎనిమిదేళ్లు ఒక్కదాన్నే ఐదు తరగతులూ చూసుకున్నాను. ఆ రోజు సాయంత్రం ఊరివాళ్లు శాలువా కప్పారు, పిల్లలు అడవిపూలు తెచ్చారు, అందరం కాసేపు ఏడ్చాం. అంతా అయ్యాక బడికి తాళం వేశాను. ఆ తాళంచెవి ఎవరి చేతిలో పెట్టాలో నాకు తెలియలేదు. నా తర్వాత వచ్చే టీచరంటూ ఎవరూ లేరు. చివరికి మధ్యాహ్న భోజనం వండే ఆవిడకి ఇచ్చి, "రేపు ఎవరో ఒకరు వస్తారమ్మా" అని చెప్పి ఆటో ఎక్కాను.

మర్నాడు పక్క ఊరి బడి నుంచి ఒక టీచర్ని వర్క్ అడ్జస్ట్‌మెంట్ మీద, అంటే తాత్కాలిక సర్దుబాటుగా, పంపారు. ఆ బడిలో అప్పటిదాకా ఇద్దరుండేవారు. ఆ రోజు నుంచి అక్కడా ఒక్కరే మిగిలారు. ఒక గొయ్యి పూడ్చడానికి పక్కనే ఇంకో గొయ్యి తవ్వినట్టయింది. మా బడికి సొంత టీచర్ దసరా సెలవులయ్యాక, మెగా డీఎస్సీ (ప్రభుత్వ టీచర్ల నియామక పరీక్ష) పోస్టింగుల్లో వచ్చింది. అంటే జూలై, ఆగస్టు, సెప్టెంబరు పోయినట్టే. ఒకటో తరగతిలో అప్పుడే చేరిన ఆరుగురు పిల్లలకు అక్షరాలు దిద్దించాల్సిన నెలలవి.

ఈ ఉత్తరం రాయడానికి కారణం ఆ మూడు నెలలే. నేను ఫలానా రోజు రిటైరవుతానని ప్రభుత్వానికి తెలియదా? 1986లో ఉద్యోగంలో చేరిన రోజునే నా పుట్టినతేదీని సర్వీసు రిజిస్టర్లో అంకెల్లోనూ అక్షరాల్లోనూ రాశారు. ముప్పై తొమ్మిదేళ్లుగా అది అక్కడే ఉంది. రిటైర్మెంట్ వయసు 58 నుంచి 60కి, 2022 నుంచి 62కి పెరిగింది కాబట్టి తేదీ జరిగిందేమో కానీ, మారిన తేదీ కూడా అందరికీ మూడేళ్ల ముందే తెలుసు. రాష్ట్రంలో ఏ టీచర్ ఏ నెలలో దిగిపోతారో లెక్క కట్టడానికి జ్యోతిష్యం అక్కర్లేదు. రిజిస్టర్ తెరిస్తే చాలు. వాన ఎప్పుడు పడుతుందో చెప్పలేకపోవచ్చు గానీ రిటైర్మెంట్ తేదీ చెప్పగలం. అయినా టీచర్ల కొరత వచ్చిపడిన ప్రతిసారీ, తుఫాను వచ్చినట్టు, ఎవరూ ఊహించనిది జరిగినట్టు మాట్లాడుకుంటాం.

వయసు పెంచడం వల్ల నాకు నాలుగేళ్ల జీతం ఎక్కువ వచ్చింది. మా అబ్బాయి చదువు దానితోనే గట్టెక్కింది, కాదనను. కానీ 2022, 2023 సంవత్సరాల్లో వయసు నిండి దిగినవాళ్లు దాదాపు లేనట్టే. ఖాళీలు కనబడకపోయేసరికి నియామకాల సంగతి పక్కకు పోయింది. 2024 నుంచి మేమంతా గుంపుగా దిగడం మొదలుపెట్టాం. ఆ రెండేళ్లూ బయట ఎదురుచూస్తూ నిలబడినవాళ్లు నా శిష్యులే. ఒకడి సంగతి చెప్తాను.

నేను పార్వతీపురం దగ్గర పల్లపు ఊళ్లో పనిచేసినప్పుడు అతను నా దగ్గర ఐదో తరగతి చదివాడు. తండ్రి రిక్షా తొక్కేవారు. వాడి చేతిరాత చూసి, "నువ్వు మాస్టారివి కావాలి నాయనా" అని నేనే అన్నాను. ఆ మాట పట్టుకునే ఇంటర్ తర్వాత డీఎడ్, అంటే ప్రాథమిక టీచర్ల శిక్షణ కోర్సు, చదివాడు. 2012 డీఎస్సీ రాశాడు, రాలేదు. 2014లో ఇచ్చిన నోటిఫికేషన్‌కి పరీక్ష 2015 మేలో జరిగింది. దానికోసం అవనిగడ్డ వెళ్లి ఆరు నెలలు కోచింగ్ తీసుకున్నాడు. డీఎస్సీ అనగానే రాష్ట్రం నలుమూలల నుంచీ పిల్లలు కట్టలకొద్దీ నోట్సులు మోసుకుని చేరే ఊరు అది. గదికి ఐదుగురు, మెస్సులో భోజనం, రాత్రి పన్నెండింటిదాకా చదువు. అప్పుడూ రాలేదు. 2018లో 7,902 పోస్టులకు డీఎస్సీ పడింది. అరమార్కులో పోయింది. "ఈసారికి పోయింది టీచరుగారూ, వచ్చే ఏడు కొడతాను" అని నవ్వుతూనే చెప్పాడు.

వచ్చే ఏడు రాలేదు. ఆ పై ఏడూ రాలేదు. ప్రైవేటు స్కూల్లో ఏడు వేలకు చేరాడు. కరోనా వచ్చి ఆ ఏడు వేలూ ఆగిపోతే సిమెంటు కొట్లో లెక్కలు రాశాడు. పెళ్లయింది, ఒక పాప పుట్టింది. 2024 ఫిబ్రవరిలో 6,100 పోస్టులకు నోటిఫికేషన్ వస్తే భార్య గాజులు తాకట్టు పెట్టి మళ్లీ కోచింగ్‌కి వెళ్లాడు. ప్రభుత్వం మారాక ఆ నోటిఫికేషన్ రద్దయింది. 2025 ఏప్రిల్ 20న 16,347 పోస్టులతో మెగా డీఎస్సీ వచ్చింది. ఈసారి కొట్టాడు. ముప్పై ఏడేళ్ల వయసులో.

2018 నుంచి 2025 అంటే ఏడేళ్లు. నోటిఫికేషన్ నాడు ఒకటో తరగతిలో ఉన్న పిల్ల, నియామకాలదాకా వెళ్లిన తర్వాతి నోటిఫికేషన్ నాటికి ఏడో తరగతి పూర్తి చేసుకుంది. పక్కన తెలంగాణలోనూ అంతే. 2017లో 8,792 పోస్టులు వేశారు. తర్వాత 2023లో ఇచ్చిన నోటిఫికేషన్ రద్దు చేసి, 2024లో 11,062 పోస్టులతో మళ్లీ ఇచ్చారు. అక్కడా దాదాపు ఏడేళ్లే.

మా కుర్రాడు సెప్టెంబరు 25న అమరావతిలో నియామక పత్రం తీసుకుని వచ్చి, స్వీట్ల డబ్బా పట్టుకుని నేరుగా మా ఇంటికి వచ్చాడు. కాళ్లకు దండం పెట్టాడు. నేను వాళ్ల పాపని ఒళ్లో కూర్చోబెట్టుకుని, "ఏమ్మా, నువ్వూ టీచరువవుతావా?" అని అడిగాను. పాప ఏమీ అనకముందే వాడన్నాడు, "దీన్ని మాత్రం ఇందులోకి పంపను టీచరుగారూ. నేను పడ్డది చాలు."

ఉద్యోగం వచ్చినవాడి మాట ఇది. రానివాళ్లు ఇంట్లో పిల్లలకు ఏమని చెప్తారో ఆలోచించండి. టీచర్ల కొరత గురించి రాసేవాళ్లు ఖాళీ పోస్టులు లెక్కపెడతారు. నాకు దానికన్నా భయంగా ఉన్నది ఇది. బాగా చదివే పిల్లల ఇళ్లలో "టీచర్ కావాలి" అనే మాట వినబడటం లేదు. మా కాలంలో పదో తరగతి ఫస్టు క్లాసులో పాసైన ఆడపిల్లంటే టీటీసీ, అంటే టీచర్ ట్రైనింగ్, అనేవారు. ఇప్పుడు డీఎడ్‌లో చేరమంటే, "చదివి ఏం చేస్తారు, డీఎస్సీ ఎప్పుడొస్తుందో ఎవడికి తెలుసు" అంటున్నారు తల్లిదండ్రులు. వాళ్లనేదాంట్లో తప్పేముంది? రెండేళ్లు చదివి ఏడేళ్లు కూర్చోమంటే ఎవరు కూర్చుంటారు? పైగా ప్రైమరీ పోస్టులకు డిగ్రీ తర్వాత చదివే బీఎడ్ చెల్లదని 2023 ఆగస్టులో సుప్రీంకోర్టు తేల్చి చెప్పింది. చిన్నపిల్లలకు చదువు చెప్పడం వేరే విద్య కాబట్టి ఆ తీర్పు న్యాయమేనని నేను అనుకుంటున్నాను. కానీ దాని అర్థం, ఇక ఒకటి నుంచి ఐదు తరగతులకు టీచర్లు డీఎడ్ చదివినవాళ్లలోంచే రావాలి. ఆ చదువులోకి పిల్లలు రాకపోతే రేపు డీఎస్సీ వేసినా రాసేవాళ్లుండాలి కదా.

నేను చేరినప్పుడు కూడా కొరతే. మమ్మల్ని స్పెషల్ టీచర్లనేవారు. జీతం నెలకు 398 రూపాయలు. మా పేర్లు పోయి 398 టీచర్లమయ్యాం. గది అద్దె, బస్సు ఛార్జీలు పోగా అమ్మకు యాభై రూపాయలు మనియార్డరు పంపితే గొప్ప. తర్వాత స్కేలు వచ్చింది. మా వెనక వచ్చినవాళ్లను అప్రెంటిస్ టీచర్లన్నారు. ఆ తర్వాత విద్యా వలంటీర్లన్నారు. ఈమధ్య అకడమిక్ ఇన్‌స్ట్రక్టర్లంటున్నారు. 1998 డీఎస్సీలో అర్హత వచ్చి ఆగిపోయినవాళ్లను దాదాపు పాతికేళ్ల తర్వాత మినిమం టైమ్‌స్కేలు (స్కేలులో కనీస జీతం) మీద పిలిచారు. జుట్టు నెరిసిన మనుషులు కొత్త టీచర్లుగా బడిమెట్లెక్కారు. ఇన్నేళ్లలో నేను చూసింది ఒక్కటే. కొరత వచ్చినప్పుడల్లా తక్కువ జీతానికి ఒక కొత్త పేరు పుడుతుంది. ఆ పేరుతో పనిచేసినవాళ్లలో గొప్ప టీచర్లున్నారు, వాళ్లకు నేను చేతులెత్తి దండం పెడతాను. అయితే చూసే పిల్లలకు మాత్రం ఈ ఉద్యోగమంటే గ్యారంటీ లేనిదని అర్థమవుతోంది.

ఒక్క టీచరున్న బడి అంటే ఏమిటో బయటివాళ్లకు తెలియదు. అందుకే కొంచెం వివరంగా రాస్తున్నాను. మా బడిలో ఇరవై ఆరుగురు పిల్లలు. ఒకటి, రెండు తరగతులను తలుపు దగ్గర, మూడు, నాలుగు, ఐదు తరగతులను గోడ దగ్గర కూర్చోబెట్టేదాన్ని. వీళ్లకు గుణింతం ఇచ్చి వాళ్లకు భాగహారం చెప్పాలి. భాగహారం సగంలో ఉండగా ఒకటో తరగతి పిల్లాడు ఏడుస్తాడు. పొద్దున్న ఫోన్లో ముఖం చూపించి హాజరు వేయాలి. సిగ్నల్ చింతచెట్టు కింద తప్ప రాదు. గుడ్లు ఎన్నొచ్చాయి, భోజనం ఎందరు తిన్నారు, బాత్రూములు కడిగారా, కిట్లు పంచారా అన్నీ యాప్‌లో పెట్టాల్సి వచ్చేది. చెట్టు కింద నేను నిలబడి ఉన్నంతసేపూ లోపల టీచర్ లేనట్టే. చుట్టుపక్కల బడుల టీచర్లంతా కలిసే కాంప్లెక్స్ మీటింగుకి వెళ్లిన రోజు, ఎన్నికల డ్యూటీ పడిన రోజు బడి ఉందో లేదో చెప్పలేం. జ్వరమొచ్చినా సెలవు పెట్టడానికి టెన్షన్. 2022లో నాకు డెంగ్యూ వచ్చి పదకొండు రోజులు ఆస్పత్రిలో ఉంటే, సీఆర్‌ఎంటీ (కొన్ని బడులకు కలిపి ఉండే సంచార టీచర్) అబ్బాయి మూడు బడుల మధ్య బండి మీద తిరుగుతూ మా బడిని రోజుకి రెండు గంటలు తెరిచాడు.

అరవై మంది వరకు పిల్లలున్న ప్రాథమిక బడికి ఇద్దరు టీచర్లుండాలని విద్యాహక్కు చట్టం చెబుతోంది. కేంద్ర విద్యాశాఖ బడుల మీద తీసే 2024–25 యూడైస్ లెక్కల ప్రకారం దేశంలో టీచర్ల సంఖ్య మొదటిసారి కోటి దాటింది. సంతోషం. అదే లెక్కల్లో ఒక్క టీచరుతో నడుస్తున్న బడులు 1,04,125 ఉన్నాయి. వాటిలో 33 లక్షలకు పైగా పిల్లలున్నారు. అలాంటి బడులు అన్నిటికన్నా ఎక్కువున్నది మన ఆంధ్రప్రదేశ్‌లోనే, 12,912. ఆ అంకె పేపర్లో చదివినప్పుడు నాకు గుండె బరువెక్కింది. అందులో ఒకటి నాది.

ఇక కొత్తగా వచ్చిన టీచర్ గురించి. చీపురుపల్లి వైపు అమ్మాయి, ముప్పై ఏళ్లుంటాయి. మంచి పిల్ల. మండల కేంద్రంలో గది తీసుకుని రోజూ స్కూటీ మీద కొండదారిలో వస్తోంది. చేరిన నాలుగో రోజు నాకు ఫోన్ చేసి, "మేడం, ఒకటో తరగతి పిల్లలు నాతో మాట్లాడట్లేదు. నేనంటే భయమా?" అని ఏడుపుగొంతుతో అడిగింది. భయం కాదమ్మా, వాళ్లకు తెలుగు రాదు అని చెప్పాను. ఇంట్లో సవర, బయట సవర. అయిదేళ్లొచ్చేవరకు తెలుగు వినడం వారపు సంతలో తప్ప ఉండదు. నాకు ఆ భాష పట్టుబడటానికి రెండేళ్లు పట్టింది, అదీ అరకొరే. ఆ రెండేళ్లలో నా చేతిలోంచి వెళ్లిన పిల్లలకు నేను బాకీ పడ్డాను. ఆమెకు నాకొచ్చిన సవర మాటలు ఓ అరవై కాగితం మీద రాసి ఫొటో తీసి పంపాను. నవంబరు 14న బాలల దినోత్సవానికి పిలిస్తే వెళ్లి చూశాను. ఆ కాగితాన్ని అట్టకి అంటించి గోడకి పెట్టుకుంది. పిల్లలు ఆమె ఉచ్చారణ విని పకపకా నవ్వుతున్నారు, మాట్లాడుతున్నారు కూడా. అయినా ఆమె ఎన్నాళ్లుంటుంది? ముసలి తల్లిదండ్రులు చీపురుపల్లిలో ఉన్నారు. బదిలీ అవకాశం రాగానే పెట్టుకుంటుంది. పెట్టుకోవద్దని నేనెలా అంటాను?

మా ఉత్తరాంధ్రవాళ్లకు ఇది కొత్త విషయమేమీ కాదు. గిడుగు రామ్మూర్తి పంతులుగారు పర్లాకిమిడిలో ఉన్నప్పుడు సవర భాష తానే నేర్చుకుని, ఆ భాషలో వాచకాలు రాసి, సొంత డబ్బు పెట్టి సవర పిల్లలకు బడులు నడిపారు. నూరేళ్లు దాటింది. ఏటా ఆగస్టు 29న ఆయన పేరు చెప్పి తెలుగు భాషా దినోత్సవం చేస్తాం. ఆయన చేసిన సవర పని మాత్రం ఆ సభల్లో పెద్దగా వినపడదు.

ఏజెన్సీలో, అంటే గిరిజన ప్రాంతాల్లో, టీచర్ పోస్టులు స్థానిక గిరిజనులకే ఇవ్వాలని 2000 జనవరిలో జీవో 3 అనే ప్రభుత్వ ఉత్తర్వు వచ్చింది. అంతకుముందు 1986లోనూ అలాంటి ఉత్తర్వే ఉండేది. పల్లం నుంచి వచ్చిన టీచర్లు బడులకు సరిగ్గా రావడం లేదనే అది తెచ్చారు. నేను గిరిజనేతరురాలిని, ఆ మాట మాలాంటివాళ్లను ఉద్దేశించిందే. మనసు నొచ్చినా నిజం నిజమే. 2020 ఏప్రిల్ 22న సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం ఆ జీవోని కొట్టేసింది. నూటికి నూరు శాతం రిజర్వేషన్ కుదరదంది. కోర్టు మాట శిరోధార్యమే. అయితే పిల్లల భాష రావడాన్ని ఒక అర్హతగా లెక్కించకూడదని ఎవరైనా అన్నారా? సవర, కువి, కోయ మాతృభాషగా ఉన్న ఆడపిల్లల్ని ఇంటర్ అవగానే పిలిచి, హాస్టల్ పెట్టి, నెలకింత స్టైపెండ్ ఇచ్చి డైట్‌లో (ప్రభుత్వ జిల్లా టీచర్ శిక్షణ సంస్థలో) డీఎడ్ చదివిస్తే, వాళ్లు పరీక్ష రాసే ఆ గూడేలకు వస్తారు. వచ్చినవాళ్లు బదిలీ పెట్టుకుని వెళ్లిపోరు, అది వాళ్ల ఊరే.

ఇకపై ఏటా డీఎస్సీ అని ప్రభుత్వం వాళ్లు చెప్పారు. నమ్ముతున్నాను. నమ్మాలని ఉంది. కానీ సభలో చెప్పిన మాటకీ చట్టంలో రాసిన మాటకీ తేడా ఉంది. ప్రభుత్వాలు మారినప్పుడు మొదటిది పోతుంది, మా కుర్రాడి 2024 నోటిఫికేషన్ పోయినట్టే. ఏటా జనవరిలో ఆ సంవత్సరం రిటైరయ్యేవాళ్ల జాబితా జిల్లాలవారీగా ప్రకటించాలి. ఫలానా నెలలో పరీక్ష అని తేదీ ఖాయం చేయాలి. జూన్‌లో బడులు తెరిచేనాటికి కొత్త టీచర్ బడిలో ఉండాలి. దిగిపోయేవాళ్లు వారం పదిరోజులు పక్కన ఉండి పిల్లల్ని పరిచయం చేసి వెళ్లాలి. ఒక్కసారి పదహారు వేల పోస్టులు వేస్తే పండగలా ఉంటుంది, పేపర్లో పెద్ద అక్షరాలతో వస్తుంది. నాకు మాత్రం ఏటా రెండు మూడు వేలు, ఎవరూ పెద్దగా పట్టించుకోనంత మామూలుగా వేస్తే చాలు. కుర్రవాళ్లు అప్పుడే ధైర్యంగా ఈ చదువులో చేరతారు. ఈసారి పోతే పై ఏడు ఉందనుకుంటారు. భార్య గాజులు అమ్ముకోరు.

ఉన్న టీచర్ల సంగతి కూడా ఒక్క ముక్క. సర్వీసు ఇంకా ఐదేళ్లకు మించి ఉన్నవాళ్లు రెండేళ్లలో టెట్ (టీచర్ అర్హత పరీక్ష) పాస్ కావాల్సిందేనని 2025 సెప్టెంబరు 1న సుప్రీంకోర్టు చెప్పింది. టెట్ లేని రోజుల్లో చేరిన నా తోటివాళ్లు యాభై ఏళ్ల వయసులో మధ్యాహ్నం క్యారేజీ పక్కన గైడు పెట్టుకుని చదువుతున్నారు. వాళ్లలో ఎందరు మిగులుతారో, ఎందరు ముందే దిగిపోతారో ఇప్పటి నుంచే లెక్క వేసుకోవాలి. రేపు మళ్లీ "అనుకోకుండా" ఖాళీలు వచ్చాయనకూడదు.

బాలల దినోత్సవం నాడు ఆ గూడెంలో ఒక అమ్మాయి నన్ను కలిసింది. 2019లో నా దగ్గర ఐదో తరగతి పాసై వెళ్లిన పిల్ల. ఇప్పుడు కురుపాంలో ఇంటర్ రెండో సంవత్సరం. ఆ గూడెం నుంచి ఇంటర్ దాకా వచ్చిన మొదటి ఆడపిల్ల. పొలం నుంచి పరిగెత్తుకుంటూ వచ్చి, బడి అరుగు మీద నా పక్కన కూర్చుని కాసేపు చిన్నపిల్లలకు సవరలో కథ చెప్పింది. కొత్త టీచర్ నోరు తెరుచుకుని చూసింది. పిల్లలు ఆమెను వదల్లేదు. వెళ్లేటప్పుడు నా చెయ్యి పట్టుకుని, "డీఎడ్‌లో చేరదామనుకుంటున్నాను టీచరుగారూ. మా నాన్న నర్సింగ్ అంటున్నాడు. నేను రెండేళ్లు చదివి బయటికొచ్చేసరికి, 2028లో డీఎస్సీ ఉంటుందా?" అని అడిగింది.

కనుక్కుని చెప్తానన్నాను. డీఎడ్ ప్రవేశ పరీక్షకు దరఖాస్తులు వేసవిలో పడతాయి. ఆలోగా ఈ ప్రశ్నకు జవాబు చెప్పగలిగినవాళ్లు మీ పత్రిక ద్వారా చెప్తే, నేను ఆటో ఎక్కి వెళ్లి ఆ పిల్లకూ వాళ్ల నాన్నకూ చెప్పి వస్తాను.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయిని,
పార్వతీపురం